పడుకుని చూడవలసిన విమానాలు

కలెక్టరాఫీసులో సి సెక్షన్ సూపరింటెండెంటు కొల్లూరి భద్రాచలం ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు. ఫైల్లో ఆ ఆరో పాయింటు రాసినప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది విమానాల మీద ప్రేమే. ఆ తరవాత జరిగిన ఘోరమంతా ఆ ప్రేమ వల్లే జరిగిందని ఆయన ఇప్పటికీ ఒప్పుకుంటాడు. ఎవరైనా అడిగితే.

ఆ ప్రేమ ఈనాటిది కాదు. ఆయన ఏడో తరగతిలో ఉండగా వరదలొచ్చి చుట్టుపక్కల ఊళ్ళు మునిగిపోతే, బియ్యం బస్తాలు దించడానికి ఓ డకోటా విమానం వచ్చి తుమ్మరేవు రన్‌వే మీద వాలింది. ఆ రన్‌వే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసింది. యుద్ధం అయిపోయాక ఊరివాళ్ళు దానిమీద వడ్లు ఆరబోసుకున్నారు, స్కూటర్లూ కార్లూ నేర్చుకున్నారు. అక్కడ విమానం వాలగా చూసినవాళ్ళు మాత్రం తక్కువ. కబురు తెలియగానే కుర్ర భద్రాచలం బడి ఎగ్గొట్టి నాలుగు మైళ్ళు పరిగెత్తాడు. తీరా చేరేసరికి రన్‌వే మీద దుమ్మూ, పది చిరిగిన గోనెసంచులూ ఉన్నాయి. విమానం లేదు.

అప్పటినించీ ఆయన విమానాల గురించి చదువుతూనే ఉన్నాడు. ఏ యుద్ధంలో ఏ విమానం ఎగిరిందో, దాని ఇంజనుకి ఎన్ని సిలిండర్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆఫీసులో ఈ విద్య ఎవరికీ అక్కర్లేదు. ఊరు మొత్తం మీద దాన్ని శ్రద్ధగా వినే మనిషి ఒక్కడే, బస్టాండు ఎదురుగా మోటారు వైండింగ్ షాపు నడిపే మస్తాన్ వలీ. ఆయన వైమానిక దళంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. డకోటాల కింద పడుకుని నట్లు బిగించిన చేతులు ఆయనవి. రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ షాపులో టీ తాగుతూ ఓ గంట ఎగిరి వస్తుండేవారు.

ఇలా ఉండగా ఓ రోజు జిల్లాకి ఉత్తరం వచ్చింది. పాత యుద్ధ విమానాలను బాగుచేసి ఎగరేసే దళం ఒకటి ఉందనీ, అది ఫిబ్రవరి నెలలో ఓ ఆదివారం ఉదయం తుమ్మరేవు రన్‌వే దగ్గర ఎయిర్ షో చేస్తుందనీ, మూడు విమానాలు వస్తాయనీ దాని సారాంశం. ఒకటి టైగర్ మాత్. రెండోది హార్వర్డ్. మూడో పేరు చదివి భద్రాచలం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. డకోటా.

అనుమతి ఫైలు సి సెక్షన్‌లోనే తయారవ్వాలి. ఆయన అదే రోజు స్వయంగా కూర్చుని ఫైలు కట్టి, ప్రజల భద్రత కోసం ఐదు పాయింట్లు రాసి, జిల్లా రెవెన్యూ అధికారి పద్మనాభంగారి బల్ల మీద పెట్టాడు.

పద్మనాభంగారు పేజీ తిప్పారు. వెనక ఇంకేమీ లేకపోయేసరికి మళ్ళీ ముందుకి తిప్పారు.

"ఐదేనా?"

"అవునండి. మంటలు, అంబులెన్సు, పార్కింగు, మంచినీళ్ళు, తొక్కిసలాట. అన్నీ వచ్చేశాయండి."

"ఐదు పాయింట్ల ఫైలు మీద కలెక్టరుగారు సంతకం పెట్టగా నేను చూడలేదయ్యా. మొన్న పడవ పందేలకే పదకొండు రాశాం. ఇవి విమానాలు. ఆలోచించు. ప్రజలు వస్తారు. వచ్చి ఏం చేస్తారు?"

"విమానాలు చూస్తారు సార్."

"ఎలా చూస్తారు?"

"తలెత్తి చూస్తారు."

"రాయి."

భద్రాచలం రాశాడు. ఎలాగూ రాస్తున్నాం గనక కాస్త నిండుగా రాద్దామని ఇలా రాశాడు: 'ప్రేక్షకులు తల పైకెత్తి చూడవలసియున్నందున, తత్సంబంధమైన మెడ అంశమును వైద్యశాఖవారు పరిశీలించవచ్చును.' రాశాక 'మెడ అంశము' అన్న మాట ఆయనకే ముచ్చటేసింది. సీటుకి తిరిగొచ్చాక కూడా దాన్ని రెండుసార్లు పైకి అనుకున్నాడు. కలెక్టరుగారు ఆ సాయంత్రమే సంతకం పెట్టారు. భద్రాచలం సెక్షన్‌లో అందరికీ జిలేబీ పంచాడు.

పదకొండో రోజున వైద్యశాఖ జవాబు వచ్చింది.

జిల్లా వైద్యాధికారి డాక్టరు కమలాకరంగారు స్వతహాగా ఎముకల డాక్టరు. పరిపాలనలోకి వచ్చాక ఆయన్ని అందరూ దోమల గురించీ, టీకాల గురించీ అడిగారేగాని ఎముకల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఇన్నాళ్ళకి ఎవరో మెడ గురించి అడిగారు. ఆయన పన్నెండు పేజీలు రాసి, రెండు బొమ్మలు కూడా వేశారు. చివర ఇలా ఉంది: 'నిలుచున్న లేదా కూర్చున్న మనిషి మెడను ముప్పై డిగ్రీలకు మించి వెనుకకు వంచి మూడు నిమిషముల పైన ఉంచరాదు. ఉంచినచో తదనంతర పరిణామములకు ఈ కార్యాలయము బాధ్యత వహించజాలదు.'

ఫైల్లో లేని ప్రమాదం గురించి ఏ ఆఫీసరూ కంగారుపడడు. ఫైల్లోకి ఎక్కిన ప్రమాదానికి మాత్రం రేపు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పద్మనాభంగారు వెంటనే మీటింగు పెట్టారు.

"మెడ ఎత్తకుండా విమానాన్ని చూడడం ఎట్లా అన్నది మన ముందున్న ప్రశ్న," అని ప్రారంభించారాయన. "సలహాలు చెప్పండి."

విమానాలు కాస్త దూరంగా ఎగిరితే మెడ అంత ఎత్తనక్కర్లేదు కదా అని పోలీసు ఆఫీసరు అన్నాడు. లెక్క వేశారు. ముప్పై డిగ్రీల్లో కనిపించాలంటే విమానం జనానికి అర కిలోమీటరు అవతల ఎగరాలి. రన్‌వేకి అర కిలోమీటరు అవతల కాలవ ఉంది. కాలవ నించి పక్క జిల్లా.

"అక్కడ ఎగిరితే అది వాళ్ళ ఎయిర్ షో అవుతుంది," అన్నారు పద్మనాభంగారు. "ఖర్చు మనదీ, ఆకాశం వాళ్ళదీనా?"

రోడ్లు భవనాల ఇంజనీరు నేల మీద పెద్ద పెద్ద అద్దాలు పరుద్దామన్నాడు. జనం తల వంచుకుని అద్దాల్లో విమానాలు చూసుకోవచ్చు. మెడ వెనక్కి వంగదు. అందరూ బాగుందన్నారు. ఎందుకైనా మంచిదని విమానాల దళం ఆఫీసరుకి ఫోను చేశారు. ఆయన అంతా విని, అద్దాల మీంచి ఎండ పైలట్ కళ్ళలో కొడితే విమానం నేరుగా ఆ అద్దాల మీదే దిగుతుందని చెప్పి ఫోను పెట్టేశాడు.

"అయితే వాయిదా వేసేద్దాం," అన్నారు పద్మనాభంగారు, గుండెల మీంచి బరువు దిగినట్టు.

గోడ వారగా నిలబడ్డ భద్రాచలం ఫైలు చంకలో పెట్టుకుని ఓ అడుగు ముందుకి వేశాడు. ఆఫీసర్ల మీటింగులో సూపరింటెండెంటు నోరు విప్పకూడదు. ఆయన సర్వీసంతా విప్పలేదు కూడా. ఇప్పుడు విప్పాడు.

"పడుకుంటేనో సార్?"

అందరూ ఆయన వైపు చూశారు.

"జనం వెల్లకిలా పడుకుంటే మెడ ఎత్తే పనే ఉండదు కదండీ. ఆకాశం ఎదురుగానే ఉంటుంది."

డాక్టరు కమలాకరంగారు కాసేపు గాల్లో చేతులతో కోణాలు కొలుచుకుని, "పడుకున్న మనిషికి మెడ అంశమే ఉత్పన్నం కాదు," అన్నారు. మీటింగు చప్పట్లు కొట్టింది. 'ప్రేక్షకులు విధిగా పడుకుని చూడవలెను' అని నిర్ణయం నమోదైంది. ఆ సాయంత్రం షాపులో భద్రాచలం ఈ సంగతి చెబుతూ, తన వల్లే షో నిలబడిందని మూడుసార్లు అన్నాడు. మస్తాన్ వలీ టీ గ్లాసు పక్కన పెట్టి, "షో నిలబడింది సరే, జనం నిలబడకూడదంటున్నారుగా," అన్నాడు. భద్రాచలానికి ఆ మాట అంతగా పట్టలేదు.

నేల మీద పడుకుంటే పాములుంటాయని అటవీశాఖ రాసింది. కనక మంచాలు కావాలి. నాలుగు వందల మంచాలు ఒక్కచోట ఉన్నది జిల్లా ఆస్పత్రిలోనే. వాటికోసం భద్రాచలం స్వయంగా వెళ్ళాడు. హెడ్ నర్సు సువార్తమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, గోడకి ఉన్న చెక్క బోర్డు చూపించింది.

"రోగి లేకుండా మంచం వార్డు దాటకూడదండి. ఇది నేను పెట్టిన రూలు కాదు సార్. ఎవరు పెట్టారో మా సూపర్నెంటుగారికి కూడా తెలీదు. నేను ఉద్యోగంలో చేరేసరికే ఉందీ బోర్డు."

"రోగి ఉంటే దాటొచ్చాండీ?"

"రోగితోపాటు ఎక్కడికైనా వెళ్ళొచ్చండి. కేసు షీటు ఉండాలి."

భద్రాచలం ఆఫీసుకి తిరిగొచ్చి గంటసేపు ఆలోచించాడు. అప్పటికి షోకి ఇంకా పదహారు రోజులుంది. ఇప్పుడు మంచాలు లేవంటే మళ్ళీ వాయిదా మాట వస్తుంది. ఆయన కలం తీసి, ప్రేక్షకులందరినీ ఆ ఒక్క పూటకి ఇన్-పేషెంట్లుగా చేర్చుకోవచ్చునని నోటు రాశాడు. కేసు షీటులో 'జబ్బు' అన్న చోట ఏం రాయాలన్నది కాస్త కష్టపెట్టింది. చివరికి 'ఆకాశ వీక్షణము' అని రాశాడు. అదీ ఆయనకి ముచ్చటేసింది.

ఇన్-పేషెంటు అన్నాక పక్కన తోడు మనిషి ఉండాలని సువార్తమ్మ గుర్తుచేసింది. ఉండనీ అన్నారు పద్మనాభంగారు. అయితే తోడు మనిషికి మంచం ఉండదు, స్టూలే. స్టూలు మీద కూర్చున్నవాడు తలెత్తితే మళ్ళీ మెడ అంశం వస్తుంది. కనక తోడు మనుషులు తమ రోగి వంకే చూస్తూ కూర్చోవలెనని ఏడో పాయింటు చేరింది. ఇన్-పేషెంట్లు ఉదయం పరగడుపున రావాలని ఎనిమిదోది. చెప్పులు గేటు దగ్గర అప్పగించాలని తొమ్మిదోది.

నాలుగు వందల మంచాలకి తొమ్మిది వేల దరఖాస్తులు వచ్చాయి. ఊళ్ళో ఎవరింట చూసినా, రోగి ఎవరూ తోడు ఎవరూ అన్న తగాదాయే. భద్రాచలానికి పదిహేడో నంబరు మంచం వచ్చింది. ఆయన భార్య వెంకటరత్నానికి తోడు చీటీ వచ్చింది.

"నన్నేం చూడమంటారండీ అక్కడ?" అందావిడ చీటీ అటూ ఇటూ తిప్పి.

"నన్ను."

"ముప్పై రెండేళ్ళ నించీ చూస్తూనే ఉన్నాగా. దానికి రన్‌వే దాకా రావాలా?"

మస్తాన్ వలీకి కూడా భద్రాచలం పలుకుబడి వాడి ఓ మంచం సంపాదించాడు. ఆ చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళాడు. మస్తాన్ వలీ రాగి తీగె చుడుతున్నవాడల్లా ఆపి, చీటీ దూరంగా పట్టుకుని చదివాడు. ఆయనకి కళ్ళలో శుక్లాలున్నాయి.

"రోగి పేరు షేక్ మస్తాన్ వలీ. జబ్బు ఆకాశ వీక్షణము." చీటీ వెనక్కి ఇచ్చేశాడు. "డెబ్భై రెండేళ్ళొచ్చాయి భద్రాచలంగారూ. షుగరు లేదు, బీపీ లేదు. పద్దెనిమిదేళ్ళు ఆ విమానాలకి నేను వైద్యం చేశాను. ఇప్పుడు వాటిని చూడ్డానికి నన్ను ఆస్పత్రిలో చేరమంటారా?"

"ఒక్క పూటేనండీ."

"మీరు చేరండి. నేను కాలవ దాటి అవతలి గట్టు మీద కుర్చీ వేసుకుంటా. అది పక్క జిల్లా. అక్కడ మనిషి తలెత్తొచ్చు."

భద్రాచలం ఇంటికి నడుస్తూ, ఈ ముసలాయనకి పట్టువిడుపులు తెలియవనుకున్నాడు. అనుకున్నాడేగాని, ఆ చీటీ జేబులో గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం ఉదయం ఆరింటికల్లా దంపతులిద్దరూ రన్‌వే దగ్గరికి చేరారు. భద్రాచలం పరగడుపున ఉన్నాడు. చెప్పులు అప్పగించి, చేతికి నంబరు చీటీ కట్టించుకుని, మలుపు తిరిగి, అక్కడే నిలబడిపోయాడు. నాలుగు వందల మంచాలు బారులు తీరి ఉన్నాయి. ఆ చివర నించి ఈ చివర దాకా వాటి మీద నీలం చారల షామియానా కప్పి ఉంది. వేలెడు సందు లేదు.

ఆయన పద్మనాభంగారి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

"ఇదేంటి సార్?"

"షామియానా. రోగుల్ని ఎండలో పడుకోబెడతారటయ్యా? వడదెబ్బ తగిలితే? డాక్టరుగారు నిన్న సాయంత్రం నోటు పంపారు. పదో పాయింటు. నువ్వు అప్పటికే ఇంటికెళ్ళిపోయావు."

"మరి విమానాలు సార్?"

"వాటికి ఎండ తగిలినా పరవాలేదు."

భద్రాచలం వెళ్ళి పదిహేడో మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎదురుగా నీలం చార, తెల్ల చార, నీలం చార. వెంకటరత్నం స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో కవరు పెట్టుకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఏడింటికి బీపీ చూశారు. ఎనిమిదింటికి పాలూ బ్రెడ్డూ ఇచ్చారు. పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తొమ్మిదయ్యేసరికి సగం మంది గుర్రుపెడుతున్నారు. లేచి బయటికి తొంగిచూడబోయిన ఒకాయన్ని కానిస్టేబులు తెచ్చి మళ్ళీ పడుకోబెట్టి దుప్పటి కప్పాడు.

పది గంటలకి మైకు గరగరలాడింది. పద్మనాభంగారి గొంతు వినిపించింది.

"ప్రియమైన రోగులారా! ఇప్పుడు మీ పైభాగమున టైగర్ మాత్ అను చారిత్రాత్మక విమానము ఎగురుచున్నది. ఆనందించవలసిందిగా కోరుచున్నాము."

పైన కుట్టుమిషన్ లాంటి చప్పుడు ఇటునించి అటు పోయింది. మెలకువగా ఉన్నవాళ్ళు పడుకునే చప్పట్లు కొట్టారు. తరవాత హార్వర్డ్ వచ్చింది. దాని రొదకి షామియానా గుడ్డ వణికింది. చప్పట్లతో పాటు ఎక్కడో ఓ పసిపిల్ల ఏడుపు కలిసింది. సరిగ్గా అప్పుడే సువార్తమ్మ వరసగా టెంపరేచర్లు చూసుకుంటూ వచ్చి, భద్రాచలం నోట్లో థర్మామీటరు పెట్టి పద్దెనిమిదో మంచానికి వెళ్ళింది.

అంతలో మూడో చప్పుడు మొదలైంది. ఎక్కడో దూరాన, తూర్పు వైపు నించి. రెండు ఇంజన్లు ఒకదాని మీద ఒకటి వాలి మోగుతున్నట్టు, కొంచెం కొంచెంగా పెద్దదవుతోంది. భద్రాచలానికి ఎవరూ మైకులో చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడుని కాగితం మీద మాత్రమే విన్నాడు. ఆయన రెండు చేతులతో మంచం పట్టెలు గట్టిగా పట్టుకున్నాడు.

వెంకటరత్నం చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. రూలు ప్రకారం ఆవిడ ఆయన వంకే చూస్తోంది గనక, ఆయన మొహం ఏమైందో ఆవిడకి బాగా కనిపించింది.

"వెళ్ళండి," అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. నోట్లో థర్మామీటరుతోనే, "రూలు," అన్నాడు.

"రాసిందెవరు?"

ఆయన తన వైపే వేలు చూపించుకున్నాడు.

"మరింకేం? మీ రాతకి మీరే భయపడితే ఎలాగండీ? లేవండి. మంచం ఖాళీగా ఉండకూడదు, అంతేగా. నేను పడుకుంటాను."

ఆవిడ నిజంగానే ఆయన్ని లేపి, తను పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. చాలా రోజుల తరవాత పగటిపూట నడుము వాల్చిందేమో, హాయిగా నిట్టూర్చింది కూడా. భద్రాచలం వంగి, వరసల మధ్యనించి, కానిస్టేబులు అటు తిరిగి ఉండగా షామియానా కింద దూరి బయటపడ్డాడు.

ఎండ కళ్ళలో కొట్టింది. కాళ్ళకి చెప్పుల్లేవు. కోసిన వరిచేలో మోళ్ళు గుచ్చుకుంటుంటే కాలవ వైపు పరిగెత్తాడు. యాభై ఏడేళ్ళ మనిషి, చేతికి నంబరు చీటీ, నోట్లో థర్మామీటరు. కాలవ దాకా చేరలేదు. చప్పుడు నెత్తిమీదికి వచ్చేసింది. చేను మధ్యలోనే ఆగి, తల వెనక్కి ఎంత వంగుతుందో అంతా వంచాడు.

డకోటా తాటిచెట్ల మీదుగా వచ్చింది. ఎంత కిందికి వచ్చిందంటే పొట్ట మీద రేకుల అతుకులు కనిపించాయి. వెండి రంగు. ఓ రెక్క కొస మీద ఎండ తళుక్కుమని, కదిలి, పొట్ట మీదుగా జారి రెండో రెక్క మీదికి పోయింది. నీడ చేను మీద పరిగెత్తుకొచ్చి ఆయన మీంచి వెళ్ళింది. ఆ ఒక్క క్షణం చల్లగా అనిపించింది. అది కాలవ దాటి, పక్క జిల్లాలో మలుపు తీసుకుని, మళ్ళీ వచ్చింది. అలా నాలుగుసార్లు వచ్చింది. పది నిమిషాల పైనే. మూడు నిమిషాల సంగతి భద్రాచలానికి గుర్తులేదు. మెడకి ఏమీ కాలేదు.

కాలవ అవతలి గట్టు మీద మస్తాన్ వలీ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. భద్రాచలం నడుచుకుంటూ ఇవతలి గట్టు దాకా వెళ్ళి, థర్మామీటరు తీసి కేకేశాడు.

"చూడకుండా కళ్ళు మూసుకున్నారేంటండీ?"

"నా కళ్ళకి అదో తెల్ల మచ్చ! చెవులకైతే మొత్తం ఉంది. ఎడం ఇంజను ఎక్కడో ఓ దెబ్బ తప్పుతోంది. దిగాక చూసుకోమనండి." కళ్ళు తెరిచి అడిగాడు. "మీరు చూశారుగా? ఎలా ఉంది?"

భద్రాచలం ఇన్నేళ్ళు చదివిందంతా చెబుదామని నోరు తెరిచాడు. సిలిండర్లు, రెక్కల పొడవు, తయారైన సంవత్సరం, ఒక్కటీ రాలేదు.

"పెద్దగా ఉందండీ," అన్నాడు.

ఆయన షామియానా కిందికి తిరిగొచ్చేసరికి సువార్తమ్మ పదిహేడో మంచం దగ్గర కేసు షీటు పట్టుకుని నిలబడి ఉంది.

"మగ పేషెంటుని చేర్చుకున్నాం సార్," అంది నీరసంగా. "ఆడ పేషెంటు ఉన్నారు. నేనేం రాసుకోవాలో మీరే చెప్పండి." తరవాత గొంతు తగ్గించి, "కనిపించిందాండీ?" అని అడిగింది. ఆయన థర్మామీటరు ఆవిడ చేతిలో పెట్టి తలూపాడు.

సోమవారం నివేదిక తయారైంది. నలభై గళ్ళు. మంచాలెన్ని, దుప్పట్లెన్ని, చేరినవారెందరు, డిశ్చార్జి అయినవారెందరు, బీపీ ఉన్నదెందరికి, పాలెన్ని లీటర్లు. మెడ నొప్పి వచ్చినవారు: లేరు. కార్యక్రమం దిగ్విజయమని పై ఆఫీసుకి పంపారు. పది రోజుల్లో అభినందనలు వచ్చాయి. చివర ఒక్క వాక్యం ఉంది: 'విమానములు వచ్చినదీ రానిదీ నివేదికలో కానరాలేదు. ప్రత్యక్షముగా చూచినవారి ఆధారముతో తెలుపవలెను.'

పద్మనాభంగారు భద్రాచలాన్ని పిలిచారు.

"ఎవరు చూశారయ్యా?"

ఇద్దరూ కూర్చుని లెక్క చూశారు. నాలుగు వందల మంది రోగులు షామియానా కింద ఉన్నారు. తోడు మనుషులు రోగుల్ని చూస్తున్నారు. జనం పైకి చూడకుండా పోలీసులు జనాన్ని చూస్తున్నారు. పద్మనాభంగారు మైకు ముందు కాగితం చూస్తున్నారు. ఫొటోగ్రాఫరు రెండు వందల పన్నెండో మంచం మీద ఉన్నాడు.

"పైలట్లున్నారు కదండీ?"

"వాళ్ళు ఎగరేసినవాళ్ళు. చూసినవాళ్ళెలా అవుతారు? లోపల కూర్చున్నవాడికి బయటినించి విమానం కనిపించదు."

"పక్క జిల్లాలో..."

"పక్క జిల్లాకి రాస్తే జవాబుకి ఆర్నెల్లు." పద్మనాభంగారు ముందుకి వంగి గొంతు తగ్గించారు. "చూడు భద్రాచలం. పదిహేడో మంచం సంగతి నా దాకా వచ్చింది. రూలు రాసినవాడే రూలు తప్పాడంటే బాగుండదు. నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు. మగ, ఆడ అన్నది గుమాస్తా పొరపాటని నేను సర్దేస్తాను. నువ్వు మాత్రం 'విమానములు వచ్చినట్లు తెలియవచ్చినది' అని రాసి పెట్టు. ఎవరికి తెలిసిందీ, ఎలా తెలిసిందీ ఎవరూ అడగరు."

భద్రాచలం సీటుకి వచ్చి ఆ మాటే రాశాడు. చక్కటి మాట. ఇలాంటి మాటలతోనే ఆయన ఉద్యోగమంతా నడిచింది. 'తెలియవచ్చినది', 'పరిశీలించవచ్చును', 'కోరడమైనది'. చేసినవాడు ఉండడు, పని జరిగిపోతుంది. మెడ అంశం కూడా అలా ఎవరూ చెయ్యకుండానే జరిగిపోయింది. ఆయన ఆ వాక్యం మరోసారి చదివాడు. ఈసారి ముచ్చటెయ్యలేదు. తన మీదినించి పరిగెత్తిన ఆ నీడ గుర్తొచ్చింది. అది తెలియవచ్చింది కాదు. ఒంటికి తగిలింది.

ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి కింద ఇలా రాశాడు: 'మూడు విమానములు వచ్చినవి. మూడవది డకోటా. నేను చూచితిని. నిలబడి చూచితిని.' సంతకం పెట్టి, తేదీ వేసి, ఫైలు పైకి పంపేసి ఇంటికి వెళ్ళిపోయాడు. సర్వీసు మొత్తం మీద ఆయన ఫైల్లో 'నేను' అని రాయడం అదే మొదలు. అన్నం తింటూ భార్యకి చెప్పాడు. మెమో వస్తుందేమోనన్నాడు. వస్తే రానివ్వండి, ముందు పులుసు కలుపుకోండి అందావిడ.

మర్నాడు పదకొండింటికి ఫైలు తిరిగొచ్చింది. మెమో లేదు. ఆయన రాసినదాని పక్కన, 'నేను' అన్న మాట చుట్టూ ఆకుపచ్చ సిరాతో సున్నా చుట్టి, మార్జిన్లో ఇలా రాసి ఉంది:

'నేను అనగా ఎవరు? స్పష్టపరచి తిరిగి సమర్పించవలెను.'